పన్నెండో పొర

"ఇంకోసారి వెయ్యండి సార్," అన్నాడు జిగురు.

పెద్దాయన రిమోట్ బల్ల మీద పెట్టేశాడు. "ఏడుసార్లు చూశావు. మీ అక్క చావుని ఎనిమిదోసారి చూపించడం నా వల్ల కాదు."

"వెయ్యండి."

గూఢచారి డిపార్టుమెంటులో పెద్దాయనతో ఆ గొంతుతో మాట్లాడి ఉద్యోగంలో మిగిలినవాళ్లు లేరు. ఆయన ఒక్క క్షణం కళ్లెర్రజేశాడు. తరవాత ఏమనుకున్నాడో, రిమోట్ తీసుకుని మళ్లీ నొక్కాడు.

గోడ మీద తెరలో తెల్లటి ల్యాబ్. మూలన టైము ఉదయం పదకొండూ ఏడు. ఒళ్లంతా కప్పేసే ల్యాబ్ సూటులో ఒక ఆకారం తలుపు తోసుకుని వచ్చింది. మొహానికి మాస్కు, కళ్లకు అద్దాలు. అక్క వెనక్కి తిరిగేలోపే సిరంజి ఆమె భుజంలో దిగింది. పెనుగులాటలో ఆమె మాస్కు ఊడింది. ఆమె పడితే చప్పుడవుతుందని కాబోలు, వాడు ఆమెను ఎదురుగా గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఎడమచెయ్యి వాడి మెడ వెనక్కి వెళ్లి, టోపీ అంచు కిందికి దూరి, అక్కడే ఉండిపోయింది. పెదాలు కదులుతున్నాయి. కాసేపటికి చెయ్యి జారిపోయింది.

"పాపం, దేవుణ్ణి తలుచుకుంది," అన్నాడు పెద్దాయన.

"మా అక్క దేవుణ్ణి తలుచుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. లెక్కపెడుతోంది సార్. ఒకటి నుంచి ఇరవై దాకా. ఇరవై అయ్యాకే చెయ్యి వదిలింది."

పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు.

జిగురు చొక్కా చెయ్యి పైకి మడిచి, ముంజేయి చూపించాడు. అక్కడ పోస్టల్ స్టాంపంత మేర ఒక్క వెంట్రుక లేదు. "తొమ్మిదేళ్లుగా ఆవిడ టెస్టు బెంచి ఇది. కొత్త పొర తయారైతే ముందు నా చేతికి. తడిచేసి, వేలు పెట్టి అదిమి, ఇరవై లెక్కపెట్టేది. పంతొమ్మిది దగ్గర వదిలితే ఊడొస్తుంది. ఇరవైకి వదిలితే నాతోపాటే స్నానం చేస్తుంది."

డిపార్టుమెంటులో అందరూ అతన్ని జిగురు అంటారు. ఒకడి వెంట పడితే వదలడని ఆ పేరు వచ్చిందని వాళ్ల నమ్మకం. నిజానికి అది ఇంట్లో పిలిచే పేరే. చిన్నప్పుడు అక్క లంగా పట్టుకుని వదిలేవాడు కాదని ఆమె పెట్టింది. ఆ అక్కే పెద్దయ్యాక నిజమైన జిగురు మీద జీవితం ధారపోసింది. మెదడు మీద అతికించే మెత్తటి ఎలక్ట్రానిక్ పొర ఆమె కనిపెట్టినది. "మెదడు మీగడలాంటిదిరా. గుండె కొట్టుకున్నప్పుడల్లా అదీ కదులుతుంది. దాని మీద ఇనప మేకులు పెడితే ఒరుసుకోదూ?" అనేది. ఆమె పొర తడి తగలగానే మెత్తబడి, ముడుతల్లోకి దిగి, చంటిపిల్ల తల్లిని వాటేసుకున్నట్టు పట్టుకుంటుంది. ఫిట్స్ రాబోతున్నాయని ముందే పసిగట్టి, చిన్న కరెంటుతో జోకొట్టేస్తుంది.

"ఆ రోజు పొద్దున్న ఆవిడ చేసినవి ఎన్ని?" అని అడిగాడు జిగురు.

"రిజిస్టర్లో పన్నెండు. దొంగ పట్టుకెళ్లిన పెట్టెలో పదకొండు అరలు. పన్నెండోది ఎక్కడో పడిపోయి ఉంటుందనుకున్నాం." పెద్దాయన మాట మధ్యలో ఆగిపోయింది. "ఓరి నాయనో."

"వాడి మెడ మీద ఉంది. వాడొచ్చేసరికి ఆవిడ వేళ్ల మీద ఉన్నది అదే. ఆ సూటులో ఎవడికైనా చెమట పడుతుంది, తడికి అది చాలు. అద్దంలో కనపడని చోటు చూసి మరీ పెట్టింది. వాడు ఏ దద్దురో అనుకుంటూ ఉంటాడు."

సిరంజిలో ఉన్నది ఏమిటో ఆమెకు తెలిసే ఉంటుంది. అరనిమిషం కంటే టైము లేదనీ తెలిసే ఉంటుంది. ఆ అరనిమిషంలో కేకలు పెట్టకుండా, తన హంతకుణ్ణి కౌగిలించుకుని, ఇరవై దాకా లెక్కపెట్టింది. జిగురుకి ఏడుపు రాలేదు. మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు, అంతే.

"పొరలో చిప్పు ఉంటుంది, అతికిన మనిషి గుండె వేగాన్ని కూడా రాసుకుంటుంది. బ్యాటరీ ఏడు రోజులు. ఆదా కోసం అరగంటకోసారి ఒక్క నిమిషమే మేల్కొంటుంది. పదకొండూ ఏడుకి అతికింది కాబట్టి ప్రతి గంటా ఏడో నిమిషానికీ, ముప్ఫై ఏడో నిమిషానికీ లేస్తుంది. అయిదు మీటర్ల లోపల రీడర్ ఉంటే పలుకుతుంది."

"ఇవాళ్టికి ఆరు రోజులైంది," అన్నాడు పెద్దాయన. "అయితే ఇక అసలు సంగతి విను."

అసలు సంగతి ఇది. సరిహద్దు అవతలి ముఠా ఒకటి ఆ పొర వెంట పడింది. చంపినవాడి కోడ్ నేమ్ దర్జీ. వాడు చేసిన పనిలో కుట్టు కనపడదట. మన రాయబారికి గుట్టుగా ఫిట్స్ జబ్బుంది. రేపు ఉదయం ఆయనకు పొర అతికించే ఆపరేషన్. పదిరోజుల్లో శాంతి ఒప్పందం మీద సంతకం. దర్జీ తన దగ్గరున్న పొరల్లో ఒకదాని చిప్పు మార్చాడు. ఆపరేషన్ బల్ల దగ్గరే అసలు పొర తీసి, ఆ నకిలీని పెట్టించాలని ప్లాను. సంతకం రోజున దూరం నుంచి ఒక బటన్ నొక్కితే చాలు, రాయబారి కెమెరాల ముందు గిలగిలా కొట్టుకుని పోతాడు. ఒప్పందం గోవిందా. పైగా ప్రపంచమంతా అక్క పొరనే తిడుతుంది.

"ఆపరేషన్ ఆపెయ్యొచ్చుగా?"

"ఆపితే వాళ్లు చెదిరిపోతారు, ఇంకో దారి చూసుకుంటారు. ఆయనకు ఫిట్స్ రోజుకు రెండుసార్లు వస్తున్నాయి, ఆగేట్టు లేవు. ఆసుపత్రిలో మంచి పొరలు ఇంకా రెండే ఉన్నాయి. ఒకటి ఆయనకు. రెండోది..."

"నాకు తెలుసు."

రెండోది పిచ్చుకకి. అక్క కూతురు, పదకొండేళ్లు. ఈ గోలంతా ఆ పిల్ల కోసమే మొదలైంది. రెండేళ్ల వయసులో దానికి మొదటిసారి ఫిట్స్ వచ్చిన రోజు, అక్క చేస్తున్న ఉద్యోగం మానేసి జిగురు ఉడకబెట్టడం మొదలుపెట్టింది. ఆ పాళ్లు ఇప్పటికీ కాగితం మీద లేవు. ఆమె చేతికే తెలుసు. ఇంకొకరు నేర్చుకునేసరికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరికీ తెలియదు. ఎల్లుండి పిచ్చుక ఆపరేషన్. రేపు బల్ల మీద రాయబారికి ఏమైనా అయిందా, పొరను నిషేధిస్తారు, అదీ ఉండదు.

"దర్జీ నాకు ప్రాణాలతో కావాలి," అన్నాడు పెద్దాయన.

"ప్రాణాలతోనే ఇస్తాను సార్. ఏ స్థితిలో ఇవ్వాలో మీరు చెప్పలేదు."

*

సాయంత్రం నాలుగున్నరకు హోటల్ లాంజ్‌లో ముత్యం కూర్చుని ఉంది. మెడలో ఒకే ఒక ముత్యం వేసుకుంటుందని ఆ పేరు. అందులో కెమెరా ఉందంటారు కొందరు, విషం ఉందంటారు కొందరు. ఆసుపత్రులకు మెడికల్ పరికరాలు అమ్మే కంపెనీ ప్రతినిధి అన్నది పైకి చెప్పే ఉద్యోగం. లోపల ముఠాకి పనిచేస్తుంది, ఆ లోపల పెద్దాయనకి పనిచేస్తుంది. ఆమె లాంజ్‌లోకి వస్తే వెయిటర్లు ఆర్డర్లు మరిచిపోతారు. జిగురుకి మాత్రం ఆ రోజు ఆమె మెడ మీదే దృష్టి. ముందు వైపు కాదు, వెనక వైపు.

"గొడుగు తెచ్చారా?" అంది ఆమె. కోడ్ అది.

"వాన పడ్డ చోటే మరిచిపోయాను," అని కూర్చున్నాడు. ఒళ్లో టెక్నీషియన్ల మీటరు పెట్టె ఉంది. అందులో అక్క సొరుగులో దొరికిన రీడర్.

నాలుగూ ముప్ఫై ఏడు. పెట్టె మూగగా ఉంది. ముప్ఫై ఎనిమిది దాకా చూశాడు. ఏమీ లేదు.

ముత్యం కాఫీ కప్పు దించింది. "పరీక్ష అయిందా? పాసయ్యానా?"

"చంపింది మీరు కాదు. అంతవరకే."

"దర్జీ మొహం నేనూ చూడలేదు. ఫోనులో గొంతే. రేపు ఆపరేషన్ థియేటర్లో కంపెనీ తరఫున నేనుంటాను, వాడూ ఉంటాడు. ఎవరి వేషంలోనో నాకు చెప్పలేదు." కాసేపు ముత్యాన్ని వేళ్లతో తిప్పింది. "ఇంకోటి చెప్పాలి. ఎలాగూ తెలుస్తుంది. ల్యాబ్ మ్యాప్ వాళ్లకిచ్చింది నేనే. ఫైళ్లు కాజేస్తారనుకున్నాను. చంపుతారనుకోలేదు. ఆవిడ నాకు ప్రతిసారీ టీ ఇచ్చేది."

జిగురు పెట్టె మూత మూశాడు. మూడేళ్ల పరిచయంలో ఎన్నడూ మీరు అన్న మాట దాటనివాడు, "నువ్వు రేపు నేను చెప్పినట్టు చెయ్యి," అన్నాడు. "నా లిస్టులో నీ పేరు రెండోది."

ఆమె కాఫీ కప్పు అవతలికి నెట్టింది.

ఇంటికొచ్చేసరికి పిచ్చుక పెరట్లో లేదు, పుస్తకాల దగ్గర లేదు. స్నానాలగదిలో అరల ముందు స్టూలెక్కి నిలబడింది. చేతిలో తినే సోడా డబ్బా. అక్క టెస్టు పొరలు ఊడదీసేది దానితోనే. గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు సోడా కలిపి తుడిస్తే, ఎంత మొండి పొరైనా చల్లగా వదిలేస్తుంది. సబ్బుకు లొంగదు, స్పిరిట్‌కి లొంగదు, గోకితే చర్మమే వస్తుంది.

"ఇది పారెయ్యమంది పనిమనిషి. పారెయ్యొద్దు కదూ మామయ్యా?"

"వద్దమ్మా. ఇలా ఇవ్వు. దీనితో నాకు పనుంది."

"మామయ్యా, ఎల్లుండి నాకు పెట్టేది అమ్మ చేసిందేనా? అచ్చంగా అమ్మ చేత్తో చేసిందేనా?"

"అచ్చంగా అమ్మ చేత్తో చేసిందే," అని మాటిచ్చాడు జిగురు. ఉద్యోగంలో రోజుకు నాలుగు అబద్ధాలు ఆడేవాడు ఇంట్లో ఆ పిల్లకు ఒక్కటీ ఆడలేదు.

*

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆపరేషన్ థియేటర్లో అతను మత్తు మెషీన్ బాగుచేసే టెక్నీషియన్. ఆకుపచ్చ బట్టలు, మాస్కు, చేతిలో మీటరు పెట్టె. చేతులు కడిగే చోట ఒక సన్నపాటి అసిస్టెంటు డాక్టరు పలకరించాడు. "మీరు ఆ సైంటిస్టు గారి తమ్ముడట కదా, హెడ్ నర్సు చెప్పింది. ఆవిడ పోవడం పెద్ద నష్టమండీ." మెత్తటి గొంతు. జిగురు తలూపాడు. అక్క తమ్ముడని ఇక్కడ తెలుసు, అసలు ఉద్యోగమే తెలియదు.

బల్ల చుట్టూ నలుగురు. పెద్ద డాక్టరమ్మ, ఆవిడ పక్కన ఇద్దరు అసిస్టెంట్లు, పరికరాలు అందించే నర్సు. అసిస్టెంట్లిద్దరూ కొత్తవాళ్లే. పాతవాళ్లు ఒకే బండి మీద వెళ్తూ మూడు రోజుల కిందట పడ్డారు. ఈ ఇద్దరి కాగితాలూ సరిగ్గానే ఉన్నాయి. ఒకడు ఈ సన్నపాటివాడు. ఇంకొకడు వెడల్పాటి భుజాలవాడు, సరిగ్గా వీడియోలో ఆకారమంత. జిగురు కళ్లు ఆ భుజాల మీదే నిలిచాయి. గోడ దగ్గర ముత్యం, అందరిలాగే ఆకుపచ్చ గుడ్డల్లో.

గది మొత్తానికి రాణి మాత్రం హెడ్ నర్సు. జిగురు అడుగు పెట్టగానే నేల మీద ఒక గీత చూపించింది. "బల్లకి ఇంత దూరం. నువ్వూ, నీ పెట్టే ఈ గీత దాటారో, ఈ రూమ్ మొత్తం మళ్లీ కడిగిస్తాను, అదీ నీ చేత."

తొమ్మిదిన్నరకు డాక్టరమ్మ ముక్కు చిట్లించింది. "సిస్టర్, ముక్కు." హెడ్ నర్సు వెళ్లి, మాస్కు మీంచే గుడ్డతో ఆవిడ ముక్కు రుద్దింది. చేతులు కడిగి గ్లవ్స్ తొడిగాక, ప్రాణం మీదికొచ్చినా సరే, సొంత ముక్కు తాకకూడదు. ముప్ఫై ఏళ్లు ఆ పని చేసినవాళ్లకు అది ఊపిరితో సమానం. జిగురు దాన్ని చూసి మనసులో దాచుకున్నాడు.

తొమ్మిదీ ముప్ఫై ఏడు. పెట్టెలో చిన్న దీపం వెలిగింది, తెర మీద పొర నంబరు. పన్నెండు.

వాడు ఇక్కడే ఉన్నాడు. అయిదు మీటర్లలో. అక్కను చంపిన చేతులు ఆ బల్ల మీదే కదులుతున్నాయి.

పెట్టె పక్కన ఒక బటన్ ఉంది. నొక్కితే పొర చిన్న కరెంటు ఇస్తుంది, మెడ మీద జిల్లుమంటుంది. ఎవడు ఉలిక్కిపడితే వాడు. కానీ సరిగ్గా అప్పుడే రాయబారి పుర్రె మీద డ్రిల్లు తిరుగుతోంది. పట్టుకున్నది వెడల్పు భుజాలవాడు. ఆ చెయ్యి ఒక్క వెంట్రుకవాసి అదిరినా రాయబారి పని అయిపోతుంది. జిగురు బొటనవేలు బటన్ మీదే ఉంచి, నిమిషమంతా పళ్లు నూరుతూ నిలబడ్డాడు. దీపం ఆరిపోయింది. ఇంకో అరగంట.

ఆ అరగంట జిగురు జీవితంలో అతి పొడుగాటిది. మనసులో ఆ వెడల్పు భుజాలను నాలుగు రకాలుగా విరిచాడు. కిటికీ లోంచి తోశాడు. మెట్ల మీంచి దొర్లించాడు. ప్రతిసారీ వాడు చచ్చేముందు అక్క పేరు చెప్పించాడు.

పదింటికి డ్రిల్లు ఆగింది. ఎముక ముక్క పక్కకు తీశారు. దాని కింద మెదడును కప్పి ఉండే తొడుగును కోసి డాక్టరమ్మ పక్కకు మడిచింది. లోపల మెదడు, గులాబీ రంగులో, గుండె కొట్టుకున్నప్పుడల్లా సన్నగా ఉబుకుతూ.

"పొర," అంది డాక్టరమ్మ.

నర్సు ప్యాకెట్ చించింది. పొరను ఉప్పునీళ్ల గిన్నెలో అరనిమిషం నానబెట్టాలి. గిన్నె సన్నపాటివాడి చేతిలో ఉంది. వాడు ఆ గిన్నె మీదికి వంగాడు, నిటారుగా అయ్యాడు. జిగురు కళ్లు ఇంకా వెడల్పు భుజాల మీదే. డాక్టరమ్మ చేతులు ఖాళీగా పైకెత్తి ఎదురుచూస్తోంది. వెడల్పువాడి చేతులూ ఖాళీయే. పుర్రె దగ్గర ఒక్క పరికరం లేదు.

పదీ ఏడు. పన్నెండు వెలిగింది.

జిగురు నొక్కాడు.

వెడల్పు భుజాలు రాయిలా ఉన్నాయి. సన్నపాటివాడి ఎడమచెయ్యి మాత్రం, గ్లవ్‌తో సహా, గబుక్కున లేచి మెడ వెనక గోక్కుంది.

"డాక్టర్!" హెడ్ నర్సు కేకకు అద్దాలు అదిరాయి. "చెయ్యి పాడైంది! బల్ల నుంచి వెనక్కి! గౌను, గ్లవ్స్ మార్చండి!"

నిజమైన డాక్టరైతే నోరెత్తకుండా రెండడుగులు వెనక్కి వేసేవాడు. వీడు, "ఏం కాదులే సిస్టర్, దురద," అన్నాడు.

గది బిగుసుకుపోయింది. డాక్టరమ్మ తల ఎత్తి వాడి కళ్లలోకి చూసింది. జిగురుకి చేతులు కడిగే చోట విన్న మెత్తటి గొంతు గుర్తొచ్చింది. *పెద్ద నష్టమండీ.* వీడియోలో ఆ వెడల్పంతా ఉబ్బిన సూటుదే.

"దర్జీ!" అని అరిచాడు.

వాడు ఆలస్యం చెయ్యలేదు. గిన్నెలోంచి, తాను మార్చిపెట్టిన నకిలీ పొరను వేళ్లతో తీసి, తెరిచిన పుర్రె మీదికి దూకాడు. డాక్టరమ్మ రెండు అరచేతులూ ఆ రంధ్రం మీద గొడుగు పట్టింది. పొర ఆవిడ గ్లవ్ మీద చప్పున పడింది. ఒకటి, రెండు లెక్కపెట్టే టైము కూడా ఇవ్వకుండా విదిలించి అవతల పారేసింది. దర్జీ పరికరాల ట్రే మీంచి కత్తి అందుకున్నాడు.

గీత దాటకూడదు. బల్ల దగ్గరికి పోతే దుమ్మంతా రాయబారి మెదడు మీదే. జిగురు పక్కనే మత్తు డాక్టరు చక్రాల స్టూలు ఉంది. ఉన్న కసి అంతా కాలిలోకి తెచ్చుకుని తన్నాడు. స్టూలు నేల మీద బాణంలా పోయి దర్జీ మోకాళ్ల వెనక తగిలింది. వాడు వెల్లకిలా గోడ వైపు పడ్డాడు. కత్తి చేతిలోనే ఉంది. తల తిప్పి ముత్యాన్ని చూశాడు. "ఏం చూస్తున్నావు, వాణ్ణి వెయ్యి!"

ముత్యం రెండడుగులు వేసి, ఆ మణికట్టు మీద నిలబడింది. పటుక్కుమంది.

"హై హీల్స్ వేసుకోనివ్వని చోట పడ్డావు, అదృష్టవంతుడివి," అంది వాడితో. తరవాత జిగురు వైపు తిరిగింది. "నా రెండు ఉద్యోగాల్లో ఒకటి పోయినట్టే."

జిగురు అప్పటికే వాడి గుండెల మీద మోకాలేసి కూర్చున్నాడు. పెట్టె ఇంకా వెలుగుతోంది. ఇరవై సెకండ్లున్నాయి. కరెంటు మోతాదు తిప్పే బటన్ మూడు మీద ఉంది. పది దాకా తిప్పాడు. మెడలో నరాలన్నీ మాడిపోవాలి. వాడు అరవాలి. అక్క అరవలేదు, వీడు అరవాలి.

నొక్కాడు. పెట్టె తెర మీద అక్షరాలు వచ్చాయి. *మూడుకు మించి ఇవ్వబడదు. రోగికి హాని.*

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. అక్క పెట్టిన హద్దు. ఎవరి ఒంటి మీదైనా సరే, తన పొర ఎవరినీ బాధపెట్టకూడదని తాళం వేసి పోయింది. చంపినవాడి మెడ మీద కూడా. జిగురు ఆ అక్షరాలను చూస్తూ నాలుగు సార్లు నొక్కాడు. అప్పుడు వచ్చాయి కన్నీళ్లు, వారం రోజుల బాకీ అంతా ఒక్కసారే. దీపం ఆరిపోయింది.

కాపలావాళ్లు దర్జీని ఈడ్చుకుపోయారు. అందరూ గౌన్లు, గ్లవ్స్ మార్చుకున్నారు. గుడ్డలన్నీ కొత్తవి పరిచారు. అసలు పొర దర్జీ గౌను చేతిలో నలిగిపోయి దొరికింది. ఇక పనికిరాదు.

డాక్టరమ్మ చేతులు పైకెత్తుకుని గీత దగ్గరికి వచ్చింది. "రెండోది బీరువాలో ఉంది," అంది. "అది ఎవరిదో నాకు తెలుసు. నేను అడగలేను. ఈయన తల తెరిచి ఉంది, మూసేస్తే మళ్లీ తెరవడానికి బతకడు. నువ్వే చెప్పాలి తమ్ముడూ."

అచ్చంగా అమ్మ చేత్తో చేసిందే, అని మాటిచ్చి ఇంకా ఒక రోజు కాలేదు.

"వెయ్యండి డాక్టరమ్మా. మా అక్క ఉన్నా ఇదే అనేది."

డాక్టరమ్మ పిచ్చుక పొరను రాయబారి మెదడు మీద పరిచింది. వేలితో అదిమి, అక్క నేర్పినట్టే పైకి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. గీత ఇవతల జిగురు పెదాలు కూడా కదిలాయి. ఇరవైకి ఆవిడ వేలు తీసింది. పొర ముడుతల్లోకి దిగి, మెదడుతోపాటే మెల్లగా ఊపిరి తీసుకుంటోంది. మానిటర్ మీద ఎగిరెగిరి పడే గీతలు కుదుటపడ్డాయి.

"స్టూలు కూడా స్టెరైల్ కాదు, తెలుసా?" అంది హెడ్ నర్సు వెనక నుంచి.

*

ఆసుపత్రి దుప్పట్ల గదిలో దర్జీని కుర్చీకి కట్టేశారు. విరిగిన మణికట్టుకు కట్టు కట్టించింది పెద్దాయనే. ఉతికిన గుడ్డల వాసన, మంచి ఎండ పడే కిటికీ పక్కన ముత్యం. బల్ల మీద మీటరు పెట్టె. దాని పక్కన జిగురు సోడా డబ్బా పెట్టాడు.

"మిగతా పది పొరలూ ఎక్కడ?" అన్నాడు పెద్దాయన.

"ఏ పొరలు?" దర్జీ నవ్వాడు. "నా నోట్లోంచి ఒక్క ముక్క రాదు. మీరు రూల్స్ పాటించే మనుషులు."

పెద్దాయన జిగురు చెవిలో అన్నాడు, "వీడు లొంగడు. నెలలు పడుతుంది."

నెలలు. నిన్న కూడా పిచ్చుకకి ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కుంది. జిగురు గోడ గడియారం చూశాడు. పదకొండూ ఆరు.

"వీడు మాట్లాడక్కర్లేదు సార్," అన్నాడు. "ముత్యం, ముఠా సామాను దాచే చోట్లు నీకు తెలిసినవి ఎన్ని?"

"అయిదు."

"నేను చెప్పినప్పుడు ఒక్కొక్కటీ చదువు. ఆగి ఆగి."

పదకొండూ ఏడు. ఏడు రోజుల కిందట సరిగ్గా ఇదే నిమిషం. పెట్టె ఆఖరిసారి వెలిగింది. ముందు వారం రోజుల కిందటి రికార్డు తెర మీదికి వచ్చింది. అతికిన మొదటి నిమిషంలో వాడి గుండె వేగం. అరవై ఎనిమిది. ఒక మనిషిని చేతుల్లో పట్టుకుని, ఆమె చల్లబడేదాకా నిలబడితే, ఆ గుండె ఒక్క కొట్టు కూడా తడబడలేదు. జిగురు పెట్టెను వాడి మొహం ముందు పెట్టాడు.

"మా అక్కను చంపినప్పుడు నీ గుండె ఇది. ఇప్పుడు ఎంతో చూద్దాం."

దర్జీ నవ్వు ఆగింది. చెయ్యి మెడ వైపు గుంజుకుంది, తాడు ఆపింది. వాడికి అప్పుడు అర్థమైంది. "మెడ మీద... ఆవిడ..."

"చదువు."

"బస్టాండు లాకరు," అంది ముత్యం. తొంభై నాలుగు.

"నది అవతల ఐసు ఫ్యాక్టరీ." తొంభై అయిదు.

"పాత సినిమా హాలు ప్రొజెక్టరు రూమ్." తొంభై మూడు. నలభై సెకండ్లు గడిచాయి. దర్జీ కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టాడు. కళ్లు మూసుకోవచ్చు, నోరు మూసుకోవచ్చు. గుండెను మూయడం ఎవరి తరం?

"కుట్టుమిషన్లు రిపేరు చేసే కొట్టు, వెనక గది."

నూట నలభై ఒకటి.

"అక్కడే," అన్నాడు జిగురు. పెద్దాయన అప్పటికే ఫోనులో ఉన్నాడు. "ఆ రికార్డు కోర్టుకి కూడా పనికొస్తుంది సార్. టైముతో సహా ఉంది."

పెట్టె మీద అంకె నూట యాభై రెండుకు ఎక్కింది. ఆ అంకెను జిగురు కడుపు నిండేలా చూసుకున్నాడు. తరవాత దీపం మినుకుమంది, ఆరిపోయింది. అక్క చేసిన పన్నెండో పొర తన పని పూర్తి చేసుకుని పడుకుంది.

ముప్పావు గంటకు ఫోను మోగింది. కుట్టుమిషన్ల కొట్టులో, దారపు ఉండల కింద పెట్టె దొరికింది. పది పొరలూ క్షేమం. డాక్టరమ్మ రేపటి లిస్టులో పిచ్చుక పేరు కొట్టెయ్యలేదట. ఎలాగూ తెస్తారని తెలుసు అందట.

ముత్యం తలుపు దగ్గర ఆగింది. "లిస్టులో రెండో పేరు సంగతి?"

"ఉంది. కొట్టెయ్యలేదు," అన్నాడు జిగురు. "రేపు ఆపరేషన్ అయ్యాక పిల్ల దగ్గరికి వచ్చి, మ్యాప్ ఎవరిచ్చారో నువ్వే చెప్పు. అది ఏం చెయ్యమంటే అది చేద్దాం."

ముత్యం మొహంలో రంగు పోయింది. తుపాకీ ఎదురుగా ఉన్నా చెదరని మొహం అది. తలూపి వెళ్లిపోయింది.

పెద్దాయన కూడా ఫోనుతో బయటికి వెళ్లాక గదిలో ఇద్దరే మిగిలారు. దర్జీ కుర్చీలో మెలికలు తిరుగుతున్నాడు. ఉందని తెలిసిన దగ్గర్నుంచీ ఆ పొర వాణ్ణి నిలవనివ్వడం లేదు. మెడను కుర్చీ వీపుకేసి రాసి రాసి చర్మం కందిపోయింది.

"తీసెయ్యి," అన్నాడు. "ఎలాగైనా సరే దీన్ని తీసెయ్యి. దేనితో ఊడుతుంది ఇది? చెప్పు!"

జిగురు సోడా డబ్బా తీసి జేబులో వేసుకున్నాడు. తలుపు దగ్గరిదాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఆ సంగతి మా అక్కనడగాలి," అన్నాడు.